వయా చూడని కండక్టరు

టాబు నెమ్మదించినప్పుడు నేను ఇప్పటికీ దాని వీపు మీద రెండు దెబ్బలు వేస్తాను. మొన్న హైదరాబాదు నుంచి వచ్చిన మనవరాలు అది చూసి లబలబలాడింది.

"నానమ్మా! అది టాబు, పప్పు డబ్బా కాదు. గట్ల కొడితే ఖరాబైతది."

"ఒకటి కొడితే ఆగుతది, రెండు కొడితే కదులుతది. నీకు తెల్వదు, ఊకో" అన్నాను.

దానికి ఎట్లా తెలుస్తుంది? ఆ దెబ్బలు నేర్పిన మనిషిని అది సరిగ్గా చూడనే లేదు. ఈసారి వచ్చేసరికి ఆయన లేడు.

మా పైవాటాలో కిరాయికి ఉండేవాడు. కోదాడ వైపు మనిషి, మిర్యాలగూడ డిపోలో బస్సు కండక్టరుగా చేసి రిటైరై, సూర్యాపేటకు వచ్చి మా ఇంట్లో దిగాడు. మా వీధిలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. రిటైరైనా కండక్టరే, పోయినా కండక్టరే. నేను కూడా పేరు రాయను.

గదులు చూసుకోవడానికి భార్యతో వచ్చిన రోజే నా కట్టుబాట్లన్నీ చెప్పేశాను. మోటరు నేను వేస్తేనే వేయాలి. మెట్ల మీద లైటు ఎక్కి దిగేటంతసేపే వెలగాలి. గోడకు మేకు కొట్టాలంటే నన్ను అడిగి కొట్టాలి. చేతులు కట్టుకొని అంతా విన్నాడు. విని భార్య వైపు తిరిగి, "ఇగ ఈ బండికి కండక్టరు నేను కాదే" అని పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. నవ్వించేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ అనుమానం. నవ్వించి, వెనకాలే కిరాయికి గడువు అడుగుతారు. ఈయన మటుకు ఎన్నడూ అడగలేదు. ఉత్తగా నవ్వించి పోయేవాడు. అట్లాంటివాణ్ణి అంతకు ముందు చూడలేదు కనుక, ఏం చేయాలో నాకు చాలాకాలం తెలియలేదు.

ఆయన కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. వరండాలో కూడా ఒక తుంటి స్తంభానికి ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఇల్లు ఇప్పుడో ఇంకాసేపటికో కుదుపుతుందన్నట్టు నిలబడేవాడు. చేతిలో నిండా టీ ఉన్నా చుక్క తొణికేది కాదు.

"ఇల్లు యాడికీ పోతలేదు, జర కూసోయ్యా" అనేది భార్య.

"బ్రేకు ఎప్పుడు పడ్తదో నీకెరుకనా?" అనేవాడు.

మామూలుగా మాట్లాడితే మా అందరి మాటే. కానీ నలుగురు ఒకచోట గుమిగూడితే చాలు, గొంతు మారిపోయి డ్యూటీ మర్యాద వచ్చేసేది. "జరగండి, ముందుకు జరగండి, ముందంతా ఖాళీగా ఉంది!" పెళ్ళి భోజనాల దగ్గరా అదే మాట, రేషను దుకాణం ముందరా అదే మాట. చిత్రమేమిటంటే జనం నిజంగానే జరిగేవాళ్ళు. ఒకసారి మా పక్కింటి గృహప్రవేశంలో పురోహితుడు కూడా పీటతో సహా జరిగాడు.

రిటైరయ్యాక ఆయనకు పట్టిన పిచ్చి ఫోన్లు, టాబులు బాగుచేయడం. "నడిచే బస్సుల, ఒక చేత్తో రాడ్డు పట్టుకొని, టికెట్ల మిషను హ్యాంగైతే ఇంకో చేత్తో లేపినోణ్ణి. కదలకుండ టేబుల్ మీద పండుకున్న టాబు నాకో లెక్కనా?" అనేవాడు. నేర్చుకున్నదంతా వీడియోలు చూసి. అవి హిందీలో ఉంటే భాష వదిలేసి వేళ్ళు ఎటు పోతున్నాయో చూసేవాడు. ఆయన చేతిలో బాగుపడ్డవెన్నో, పాడైనవెన్నో భార్యకు బాగా తెలుసు. అడిగితే చెప్పేది. అడగకపోయినా చెప్పేది.

ఇక మా అక్క సంగతి చెప్పాలి. లేకపోతే ఈ టాబు గొడవ అర్థం కాదు.

అక్క నడిగూడెంలో ఉంటుంది. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. చిన్నప్పుడు నేనూ అక్కా చేతులతో ఒక భాష చేసుకున్నాం. బర్రెకు రెండు వేళ్ళ కొమ్ములు. మా నాయనకు మీసం. కోపానికి ముక్కు మీద పిడికిలి. కోపం పోయిందంటే ఆ పిడికిలి విప్పి, అరచేతిని ఉఫ్‌మని ఊదేయాలి. నేను మూడో తరగతి దాటలేదు గానీ ఆ భాషలో మాత్రం ఏ చదువుకున్నవాళ్ళకూ తీసిపోను. మా అమ్మ పోయాక ఆ భాష పూర్తిగా వచ్చినవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. అక్క కోడలు మంచి పిల్లే, కానీ దానికి అన్నం, నీళ్ళు, మందుబిళ్ళ, కోపం వరకే వస్తుంది. అక్కకు మనసులో మాట చెప్పుకోవాలంటే నేనే ఉండాలి.

మనవరాలు కాలేజీకి పోతూ తన పాత టాబు నాకు వదిలిపోయింది. అప్పటి నుంచి మధ్యాహ్నం తిన్నాక నేను టాబు ముందు, అక్క కోడలి ఫోను ముందు. నా కళ్ళకు శుక్లాలు. చిన్న ఫోనులో చేతులు కనిపించవు. టాబులోనైతే అక్క వేళ్ళ మీది ముడతలు కూడా కనిపించేవి. దానికి దెబ్బ తగలకుండా పాత బొంత ముక్కతో, అద్దం ఒక్కటే బయటికి ఉండేట్టు, బిగించి చుట్టూ కుట్టేశాను.

నాకు మోకాలు ఆపరేషనైంది. బస్సు ఎక్కొద్దన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే టాబు మొండికేసింది. కంపెనీ పేరు మెరుస్తుంది, ఆరిపోతుంది, మళ్ళీ మెరుస్తుంది. అంతకు మించి ముందుకు పోదు. కొడుకు వచ్చే నెల కొత్తది తెస్తానన్నాడు. ఇంట్లో ఒకటి ఉండగా కొత్తదెందుకు అన్నాను. పైగా నెల దాకా అక్క ఎట్లా ఆగుతుంది? కండక్టరు కోదాడ పోతూ టాబును అక్కడ ఒక దుకాణంలో చూపించుకొని వచ్చాడు. సాఫ్టువేరు మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించాలట. ఎక్కిస్తే తెరుచుకోవచ్చు, మొత్తానికే పోనూవచ్చు, నాకు పూచీ లేదు అన్నాడట దుకాణమాయన.

"పూచీ లేదంటడా? సర్వీసుల ఉన్నప్పుడు గాలి లేని టైరుతోని గూడ బండిని ఊరు చేర్చినోళ్ళం. మనమే ఎక్కిద్దాం ఓనరమ్మా" అన్నాడు కండక్టరు.

"నువ్వా?" అన్నాను.

"నేనే."

పైనుంచి భార్య గొంతు వినిపించింది. "అమ్మా, ఇయ్యకు! మా తమ్ముడు తన ఫోను ఇచ్చిండు, ఇప్పుడది ముఖం చూసుకోనీకే పనికొస్తది!"

నేను ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం మటుకు ఆయన ఫోనులోనే అక్కకు వీడియో కాల్ పెట్టించుకున్నాను. అద్దంలో అక్క చీమంత ఉంది. చేతులు కదులుతున్నాయని తెలుస్తోంది, ఏమంటున్నాయో తెలియడం లేదు. బాగున్నావా, తిన్నావా అని అడుగుతోందనుకొని తల ఊపాను. మళ్ళీ ఏదో అడిగింది. మళ్ళీ ఊపాను. అక్క గబుక్కున లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం అక్క కోడలు ఫోను చేసింది.

"చిన్నత్తా, నువ్వు దేనికి తలూపినవో ఎరుకనా? ముక్కు మీద పిడికిలి వెట్టి నిన్ను అడిగింది. నా మీద కోపమొచ్చిందా, గందుకే మాట్లాడుతలేవా అని. నువ్వేమో అవునంటివి!"

"అయ్యో! నాకు కనపడలేదే. చెప్పు దానికి."

"ఎట్ల చెప్పాలె? నాకు వచ్చినకాడికి చెప్పిన. గోడ దిక్కు తిరిగి పండుకున్నది. అన్నం ముట్టలె."

ఫోను పెట్టేసి, ఊతకర్ర పట్టుకొని మెట్ల కింద నిలబడి పైకి చూసి పిలిచాను.

"ఏయ్ కండక్టరూ! దిగి రా. ఎక్కిద్దువు గాని."

మర్నాడు పొద్దున్నే వరండాలో బల్ల వేశాడు. ఎక్కడో పాతది కొనుక్కున్న లాప్‌టాప్ తెచ్చి పెట్టాడు. ఆన్ చేస్తే అది గుట్ట ఎక్కే బస్సులా రొద పెట్టింది. వైరు తగిలించబోతూ బొంత గుడ్డను చూసి, "ఇది విప్పాల్నేమో. వెనక మోడలు నంబరు ఉంటది" అన్నాడు.

"ఇప్పితే మళ్ళ ఎవరు కుడ్తరు, నువ్వు కుడ్తవా? డబ్బా ఉన్నది, దాని మీద చూసుకో" అన్నాను. అటక మీద అట్టపెట్టెలన్నీ దాచి ఉంచడం నా అలవాటు. టాబు డబ్బాలో ఎండుమిరపకాయలు ఉంటే వంపి తెచ్చి ఇచ్చాను. ఆయన రెండుసార్లు తుమ్మి, దాని మీద పేరు చదువుకొని, సరే అన్నాడు.

తుడిచేముందు మళ్ళీ నన్ను చూశాడు. "ఓనరమ్మా, ముందుగాల దిగేటోళ్ళను దిగనియ్యాలె, గప్పుడే ఎక్కేటోళ్ళు ఎక్కాలె. లోపల నీవాళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"మనవరాలి చెవులు కుట్టించిన ఫోటోలు ఉన్నయ్. కొడుకు ఫోన్ల గూడ ఉన్నయ్ అవి."

"అంటే బండి ఖాళీ. రైట్!" అని బల్ల మీద రెండు దెబ్బలు వేశాడు.

లాప్‌టాప్ అద్దం మీద ఒక గీత మొదలైంది. అది నిండితే పని అయినట్టు. గీత కదులుతున్న కొద్దీ స్టేజీలు పిలవడం మొదలుపెట్టాడు. "దురాజ్‌పల్లి... ముకుందాపురం... దురాజ్‌పల్లి వాళ్ళు దిగారాండీ?" గీత సగానికి వచ్చింది. "మునగాల! మునగాల! నడిగూడెం పోయేవాళ్ళు ఇక్కడ దిగాలండీ!" అని నా వైపు చూసి కన్ను గీటాడు. నాకు నవ్వు రాలేదు. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషే కళ్ళ ముందు ఉంది.

అక్కడే గీత ఆగిపోయింది. ఆయనా ఆగిపోయాడు. నుదుటి మీద చెమట పడుతోంది గానీ తుడుచుకోలేదు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలె. ఎదురు బండి వస్తున్నది. సైడియ్యాలె" అన్నాడు. గొంతులో మాత్రం ఆ ధైర్యం లేదు.

ఉండి ఉండి గీత కదిలింది. "ఆకుపాముల!" అని ఆయన వేసిన కేకకు వీధి కుక్క లేచి పోయింది. "కొమరబండ... కోదాడ! లాస్ట్ స్టేజీ, అందరూ దిగాలి!"

టాబు తెరుచుకుంది. పెళ్ళిపందిరిలా వెలిగింది. భార్య కూడా మెట్లు దిగి వచ్చి చూసింది. కండక్టరు మా ఇద్దరి వైపూ ఒకసారి చూసి, ఇస్త్రీ చొక్కా కాలరు సరిచేసుకున్నాడు. ఆ దర్జా ఎంతోసేపు నిలవలేదు. కుడివైపు నొక్కితే ఎడమవైపుది తెరుచుకుంటోంది. ఎడమవైపు నొక్కితే కుడివైపుది.

"రివర్స్ గేరు పడ్డట్టున్నది" అన్నాడు మెల్లగా.

"నేను చెప్పలే?" అంది భార్య.

"పడనీ. అక్కకు కలుపు" అన్నాను.

పచ్చ గుండీ కావాలంటే ఎర్ర గుండీ వైపు నొక్కి, ఎట్లాగో కలిపాడు. అక్క కోడలు కనిపించింది. నన్ను చూసి కోడలి నోరు తెరుచుకుంది. "చిన్నత్తా, నువ్వేంది గట్ల ఉన్నవ్? తల్కిందికి, కాళ్ళు మీదికి!"

కెమెరా కూడా తిరగబడిందన్నమాట. వాళ్ళు నాకు నిటారుగానే ఉన్నారు. నేనే వాళ్ళకు గబ్బిలంలా వేలాడుతున్నాను. కండక్టరు టాబును తిప్పి పట్టుకున్నాడు. బొమ్మ కూడా దానితో పాటే తిరిగి, మళ్ళీ తలకిందులే అయింది.

"ఫరవాలేదు, అక్కను లేపు" అన్నాను.

కోడలు వెళ్ళి, మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్న అక్క ముఖం ముందు ఫోను పెట్టింది. అక్క కళ్ళు తెరిచింది. చూసింది. ముఖం ముడుచుకొని మళ్ళీ చూసింది. ఫోను లాక్కుని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఎటు తిప్పినా చెల్లెలు తలకిందులే. ఇక అప్పుడు మా అక్క ఏం చేసిందో చూడండి. ఫోను కోడలి చేతిలో పెట్టి, మంచం అంచుకు జరిగి, వెల్లకిలా పడుకొని, తల కిందికి వేలాడేసింది. తెల్లజుట్టు నేల ఊడ్చింది. ఆ తలతో నన్ను నిటారుగా చూసుకుంది.

చూసి నవ్వింది. మా అక్క నవ్వితే చప్పుడు ఉండదు, ఒళ్ళంతా ఊగుతుంది. మంచం కూడా ఊగింది.

నేను గబగబా ముక్కు మీద పిడికిలి పెట్టుకొని, విప్పి, ఊదేశాను. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఊదేశాను. కోపం లేదు, కోపం లేదు. తలకిందులుగా ఉన్న మా అక్క తలకిందుల పిడికిలి తన ముక్కు మీద పెట్టుకొని, విప్పి, ఊదింది. ఇటు నేను, అటు అక్క, పక్కన కండక్టరు, ఆయన భార్య, అందరం కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం. ఆయన ఎదుట నేను నవ్వడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆయన చూశాడు. చూసి టాబు వీపు మీద రెండు కొట్టాడు. "రైట్, రైట్!"

ఆ దెబ్బలకు నా బొమ్మ అక్క దగ్గర అదిరిందట. ఎవరు వాడు అని చేతులు తిప్పి అడిగింది. చూపించాను. ఆ రోజు నుంచి మా భాషలో కండక్టరుకు ఒక గుర్తు వచ్చింది. అరచేత్తో గాలిలో రెండు తట్లు. మా నాయన మీసం తర్వాత, మగవాళ్ళలో మా భాషలో చోటు దొరికింది ఆయనకే.

"రోజూ గిట్ల వేలాడితే పెద్దత్త మెడలు పట్టుకపోతయ్, సక్కగ చెయ్యున్రి" అంది కోడలు. అప్పుడు కత్తెర తెచ్చి బొంత కుట్లు నేనే విప్పాను. టాబు వీపు మీద, డబ్బా మీద ఉన్న పేరే ఉంది. దాని కింద డబ్బా మీద లేని ఇంకో అక్షరం, చీమ తలకాయంత.

కండక్టరు భూతద్దం పెట్టి చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓనరమ్మా! సర్వీసంత చేసి ఇంత తప్పు చేసిన. పేరొక్కటే గాని రకం వేరు. మిర్యాలగూడ బోర్డు చూసి బండి ఎక్కించిన గాని వయా చూడలె. ఇది సక్కగ పోయేది. మనం ఎక్కించింది కోదాడ మీదికెళ్ళి తిరిగి పోయేది!"

"కండక్టరువై ఉండి వయా చూడకపోతివా?" అన్నాను.

"నువ్వు చూడనిస్తివా? బొంత కప్పితివి!"

ఈ మాట మీద మేమిద్దరం తర్వాత ఎన్నాళ్ళు కొట్లాడుకున్నామో. ఇంటికి ఎవరొచ్చినా సరే, ఆయన బొంత సంగతి చెప్పేవాడు, నేను వయా సంగతి చెప్పేదాన్ని. నలుగురూ ఎవరి వైపు తీర్పు చెప్పాలో తెలియక టీ తాగి పోయేవాళ్ళు.

రెండోసారి సరైనది ఎక్కించాడు. మునగాల దగ్గర ఆగలేదు. అంతా చక్కబడింది. నేను బొంత మళ్ళీ కుట్టాను. కుట్టేటప్పుడు వెనక ఒక కిటికీ వదిలి, చుట్టూ కాజా కుట్టు వేశాను. లోపలి అక్షరం కనపడటానికని అందరికీ చెప్పాను. ఆయన తట్టడానికి కూడా అదే చోటని ఎవరికీ చెప్పలేదు.

తర్వాత రోజూ మధ్యాహ్నం ఆ వేళకు మెట్లు దిగి వచ్చి, నా వెనక స్తంభానికి ఆనుకొని నిలబడేవాడు. మొదలుపెట్టేటప్పుడు రెండు కొట్టేవాడు. మా మాటలు మరీ పొడుగైతే కిటికీ మీద ఒక్కటే కొట్టి, "హోల్డాన్! టాబు కాలుతున్నది, ఇగ దిగున్రి" అనేవాడు. అక్కకు అదీ అలవాటైంది. ఒక్క దెబ్బకు బొమ్మ అదిరితే మూతి ముడిచి, ఆయనకు చెయ్యి ఊపి లేచేది. నా మోకాలు బాగై నడిగూడెం పోయినప్పుడు కూడా అక్క నన్ను మొదట అడిగింది ఆయన గురించే. గాలిలో రెండు తట్లు. వాడేడి, ఎందుకు తేలేదు?

మొన్న చలికాలంలో, పొద్దున టీ గ్లాసు పట్టుకొని స్తంభానికి ఆనుకొని నిలబడ్డవాడు, నిలబడ్డట్టే కిందికి జారి కూర్చున్నాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. "కూసో కూసో అని పానం తీసిన, కూసున్నడు" అని భార్య ఏడ్చింది. శవం లేపే వేళ వాకిలి నిండా జనం. పాడె కదలడానికి సందు లేదు. ఎవరూ జరగడం లేదు. ఆ మాట అనేవాడు పడుకుని ఉన్నాడు. చివరికి నేనే అన్నాను, "జరగండి, ముందుకు జరగండి" అని. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

అక్కకు చెప్పాలి. రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం టాబు ముందు కూర్చున్నాను. అక్క కనిపించగానే నా వెనక ఖాళీ స్తంభం చూసింది. గాలిలో రెండు తట్లు తట్టి అడిగింది.

చావుకు మా భాషలో గుర్తు ఉంది. మా నాయనకు వాడాం, అమ్మకు వాడాం. ఈయనకు అది వాడటానికి నా చేతులు రాలేదు. టాబు వెనక్కి చెయ్యి పోనిచ్చి, బొంత కిటికీ మీద ఒక్క దెబ్బ వేశాను. ఒక్కటే.

బొమ్మ అదిరింది. అక్క ఇంకో దెబ్బ కోసం చూసింది. నేను వేయలేదు.

అక్కకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఫోను కోడలికి ఇచ్చింది. లేచి పోతుందేమో అనుకున్నాను. పోలేదు. మంచం అంచుకు జరిగింది, వెల్లకిలా పడుకుంది, మెల్లగా తల కిందికి వేలాడేసింది. తెల్లజుట్టు నేలకు తాకింది. కళ్ళలోంచి నీళ్ళు నుదుటి మీదికి పారుతున్నాయి, కింది నోరు పైకొచ్చి నవ్వుతోంది, మంచం ఊగుతోంది.

ఈసారి టాబు సరిగ్గానే ఉంది. అక్కను చూడటానికి నేనే తల వంచాను.